డబ్బాలో లేదు... చెంచాలో ఉంది!

"ఒట్టమ్మా! నేనేం తినలేదు."

ఆ రాత్రి మా పాప కడుపు పట్టుకుని ఏడుస్తూ అన్న మాట ఇది. నేను నమ్మలేదు. క్లాసులో ఎవరిదో పుట్టినరోజు అయ్యుంటుంది, కేకు ముక్క తినేసి నా దగ్గర దాస్తోంది అనుకున్నాను. "నిజం చెప్పు, ఏమీ అనను" అంటూనే చెడామడా తిట్టేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అసలు సంగతి మొదటి నుంచీ చెప్తాను.

మా పాపకి ఇప్పుడు పదేళ్లు. ఏడో ఏడు వచ్చేదాకా దాని ఈడు పిల్లల పక్కన నిలబెడితే భుజం దాకా వచ్చేది, అంతే. తరచూ విరేచనాలు, పొట్ట ఉబ్బరం. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. నులిపురుగుల మందు వేశాం, ఐరన్ టానిక్కులు సీసాలకి సీసాలు తాగించాం. హిమోగ్లోబిన్ మాత్రం కదల్లేదు. మా అత్తయ్య అయితే ఆదివారం ఆదివారం దిష్టి తీసేది. చివరికి జీర్ణకోశ వ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్తే, టీటీజీ అని ఒక రక్తపరీక్ష రాశారు. తర్వాత ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అప్పుడు తేలింది... సీలియాక్ జబ్బు అని.

గోధుమ, బార్లీ, రై... ఈ ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. సీలియాక్ ఉన్నవాళ్లు అది తింటే, ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత పేగు మీదే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపల తువ్వాలు మీది నూలు పోగుల్లాగా ఉండే పొర అరిగిపోతుంది. ఇక తిన్నది ఒంటికెలా పడుతుంది? దీన్ని నయం చేసే మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం. మన దేశంలో ఇది ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ. మన వైపు వెంటనే అనుమానం రాకపోవడానికి అదీ ఒక కారణం.

అన్నం తినేవాళ్లం, మనకేం అనుకున్నా!

మొదట నేను పెద్దగా భయపడలేదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, అన్నం... మన తిండంతా బియ్యమే కదా అనుకున్నాను. వంటింట్లో కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. బొంబాయి రవ్వ ఉప్మా పోయింది. పూరీ, చపాతీ, సేమ్యా పాయసం, బొబ్బట్లు పోయాయి. బిస్కెట్లు, బ్రెడ్డు, కేకులు సరేసరి. బార్లీ మాల్టు వేసిన పాలపొడులూ కుదరవు. ఇంగువ డబ్బా వెనక చదివితే అందులోనూ గోధుమపిండి! పండక్కి అత్తయ్య చేసిన పులిహోరని పాప ముందు నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

పెద్దవాళ్లం మనం సర్దుకుంటాం. పిల్లకి లోకమంటే లంచ్ బాక్సూ, బర్త్‌డే కేకూ. "అన్నీ వద్దంటే నాకింకేం మిగిలిందమ్మా?" అంది ఓ రోజు. అప్పుడు వాళ్లన్నయ్య బ్రెడ్డు మీద చాక్లెట్ హేజెల్‌నట్ స్ప్రెడ్ రాసుకుంటున్నాడు. "పోనీ అది?" అంది, డబ్బా వైపు చూపించి.

కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక చదివాను. చక్కెర, పామాయిల్, హేజెల్‌నట్స్, పాలపొడి, కోకో, సోయా లెసిథిన్, వెనిలా వాసన. గోధుమ లేదు, బార్లీ లేదు. "తినొచ్చు!" అన్నాను. ఆ మాటకి అది ఎగిరిన ఎగురుడు చూడాలి.

బ్రెడ్డు కోసం పుట్టింది

ఈ స్ప్రెడ్ కథ కూడా లేమిలోంచి పుట్టిందే. నెపోలియన్ కాలంలో ఇటలీలోని టురిన్‌కి కోకో రాక తగ్గిపోతే, అక్కడి మిఠాయివాళ్లు తమ కొండల్లో బాగా పండే హేజెల్‌నట్స్‌ని పొడి చేసి చాక్లెట్‌లో కలిపారని చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ కోకోకి కరువొచ్చింది. ఆల్బా అనే ఊళ్లో పియెట్రో ఫెరెరో 1946లో అదే కిటుకుతో ఓ ముద్ద తయారుచేశాడు. చాకుతో కోసి బ్రెడ్డులో పెట్టుకునేవాళ్లు. 1951లో అది మెత్తని క్రీము అయింది. 1964లో ఆయన కొడుకు మికేలే దాన్ని మెరుగుపరిచి న్యుటెల్లా పేరుతో అమ్మాడు. న్యుటెల్లాలో గ్లూటెన్ లేదని ఆ కంపెనీ చెబుతోంది. అయితే స్ప్రెడ్‌తో పాటు కరకరలాడే పుల్లలు పెట్టి అమ్మే చిన్న ప్యాక్‌లు ఉంటాయి, ఆ పుల్లలు గోధుమవి. అలాగే మార్కెట్లో ఉన్న అన్ని స్ప్రెడ్‌లూ ఒకటి కాదు. కొన్నిట్లో బిస్కెట్ పొడి, వేఫర్ ముక్కలు వేస్తారు. ఏ కంపెనీదైనా సరే, కొన్న ప్రతిసారీ లేబుల్ చదవాల్సిందే.

మన దగ్గర 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కేజీకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. అలా రాయని ప్యాకెట్ల మీద కూడా, గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే అలర్జీ వివరాల దగ్గర ఆ సంగతి చెప్పాలి. ముందు అక్కడ చూడండి.

మరి కడుపునొప్పి ఎందుకొచ్చింది?

ఇంత చూసుకున్నా ఆ రాత్రి పాపకి నొప్పి వచ్చింది. పది రోజులకి మళ్లీ వచ్చింది. నేను రెండుసార్లూ దాన్నే దోషిని చేశాను. డైటీషియన్ దగ్గరికి వెళ్తే, ఆవిడ ఒకే ప్రశ్న వేశారు. "ఇంట్లో ఆ డబ్బా అందరూ వాడతారా?"

ఇంటికొచ్చి మూత తీసి, లైటు కింద పెట్టి చూశాను. గోధుమరంగు క్రీములో అక్కడక్కడా చిన్న చిన్న బ్రెడ్డు పొట్టు! మావాడు బ్రెడ్డుకి రాసిన చెంచానే మళ్లీ డబ్బాలో ముంచుతున్నాడు. మనమంతా చేసే పనే అది. డబ్బాలో లేని గ్లూటెన్, చెంచాతో వచ్చి చేరింది. ఆ రవ్వంత నలుసు మనకి లెక్కలోది కాదు. దానికి విషం.

ఆ సాయంత్రం పాపని పక్కన కూర్చోబెట్టుకుని, "తప్పు నాదేనమ్మా, నువ్వు నిజమే చెప్పావు" అన్నాను. హత్తుకుంటుందనుకున్నాను. "నేను అప్పుడే చెప్పాగా" అని అటు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. దానికి ఆ హక్కుంది.

ఇప్పుడు మా ఇంట్లో...

పాప డబ్బా వేరు, చెంచా వేరు. ఆ డబ్బా అన్నిటికంటే పై అరలో ఉంటుంది, కింద పెడితే పైనుంచి పిండి రాలొచ్చని. బ్రెడ్డుకి బదులు రాగి దోసె, చిన్న జొన్న రొట్టె, అరటిపండు ముక్కలు. మరమరాలు ఇందులో కలిపి ఉండలు చుడితే ఒక్కటీ మిగలదు. జొన్నలు గిర్నీలో పట్టించడం మానేశాను, మన ముందు అదే మరలో గోధుమలు ఆడించి ఉంటారు కదా! కడిగి ఆరబెట్టి, దానికంటూ ఉంచిన మిక్సీ జారులో నేనే పడతాను. పెనం కూడా వేరే.

హేజెల్‌నట్స్ ఖరీదెక్కువ కాబట్టి పల్లీలతో ఇంట్లోనే చేస్తుంటాను. కప్పు పల్లీలు సన్నసెగన వేయించి, పొట్టు తీసి, వేడి మీదే మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ముందు పొడి, తర్వాత ముద్ద, ఆఖరికి నూనె వదిలి జారుగా అవుతుంది. అప్పుడు పావు కప్పు కోకో పొడి, అర కప్పు చక్కెర పొడి, రెండు చెంచాల నూనె, చిటికెడు ఉప్పు వేసి మళ్లీ తిప్పాలి. నీటి చుక్క తగలకూడదు, తగిలితే గట్టిపడుతుంది, త్వరగా పాడవుతుంది.

ఒక్క మాట. గ్లూటెన్ లేనంత మాత్రాన ఇది బలమైన ఆహారం అయిపోదు. కొన్న డబ్బాలో సగానికి పైగా చక్కెరే. అందుకే మా ఇంట్లో వారానికి రెండు రోజులు, రోజుకో చెంచా.

ఇంకో మాట. మీ పిల్లల్లో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే, ముందే గోధుమ మానిపించి చూడకండి. మానేశాక పరీక్ష చేస్తే జబ్బు బయటపడకపోవచ్చు. డాక్టరు చెప్పాకే మానాలి.

పాప ఇప్పుడు వాళ్ల క్లాసులో మధ్య వరసలోకి వచ్చింది. హిమోగ్లోబిన్ కూడా పెరిగింది. దాని డబ్బా మీద వాళ్లన్నయ్య ఎర్ర టేపు అంటించి స్కెచ్ పెన్నుతో రాశాడు: 'వేరే చెంచా పెడితే పది రూపాయలు ఫైను'. ఫైన్ల డబ్బాలో ఇప్పటికి ముప్ఫై రూపాయలున్నాయి.

ఇరవై మావారివి. పది నావి.