నీనెవెకు నలభై రోజుల గడువు

ఇరాక్‌లోని మోసుల్ నగరంలో టైగ్రిస్ నదికి తూర్పున రెండు పెద్ద మట్టిదిబ్బలున్నాయి. ఒకటి కుయుంజిక్, రెండోది నబీ యూనుస్. అస్సీరియా రాజధాని నీనెవె శిథిలాలు అక్కడే ఉన్నాయి. యూనుస్ అంటే బైబిల్లోని యోనా ప్రవక్తే. ఆయన సమాధి ఉందని ముస్లింలూ క్రైస్తవులూ తరతరాలుగా నమ్మిన మందిరాన్ని 2014 జులైలో ఐసిస్ పేల్చేసింది. ఆ ఊరి కథను మాత్రం కతోలిక చర్చీలు ఈస్టర్ ముందటి ఉపవాసకాలమైన లెంట్ మొదటి వారం బుధవారం పూజలో ఏటా చదువుతూనే ఉన్నాయి.

యోనా, చెప్పిన మాట వినే రకం ప్రవక్త కాడు. నీనెవెకు పొమ్మని దేవుడంటే, యొప్పే రేవుకెళ్లి తర్షీషు ఓడెక్కాడు. తుఫాను, చేప కడుపులో మూడు రోజులు... ఇంతవరకూ సండే స్కూల్ పిల్లలకూ తెలుసు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఊళ్లోకి వెళ్లాక ఆయన చేసిన ప్రకటన హీబ్రూ మూలంలో అయిదే మాటలు: నలభై రోజుల్లో ఈ పట్నం నాశనమవుతుందని. మారితే బతుకుతారన్న ఊరట కూడా అందులో లేదు.

అయినా ఊరు నమ్మింది. ముందు జనం ఉపవాసం పట్టారు. కబురు ఆ తర్వాత రాజుకు చేరింది. ఆయన సింహాసనం దిగి, రాజవస్త్రం తీసేసి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా మేత, నీళ్లు పెట్టొద్దన్నాడు. వాటికీ గోనెపట్ట కప్పమన్నాడు. పాపం, ఆ గొడ్లేం తప్పు చేశాయో!

రాజాజ్ఞలో అంతకంటే బరువైన మాట మరొకటుంది. ప్రతివాడూ తాను చేస్తున్న దౌర్జన్యం మానాలట. అస్సీరియా సైన్యం పేరు చెబితే ఇరుగుపొరుగు రాజ్యాలకు హడలు. ఓడిన పట్టణాల వాళ్లను చిత్రవధ చేసిన దృశ్యాలను అక్కడి రాజులు రాతి పలకల మీద గొప్పగా చెక్కించుకున్నారు. 19వ శతాబ్దంలో పురావస్తు పరిశోధకుడు లేయర్డ్ తవ్వకాల్లో బయటపడ్డ అలాంటి పలకలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అలాంటి ఊరికి తిండి మానడం పెద్ద కష్టం కాదు, కత్తి దించడమే కష్టం. దేవుడు ఆ ఊరిని నాశనం చేయకుండా వదిలేసింది కూడా వాళ్ల నడత మారడాన్ని చూసేనని యోనా గ్రంథం చెబుతుంది. గోనెపట్టలు చూసి కరిగాడని చెప్పదు.

నాశనం చేయాలనే ఉంటే ముందుగా కబురు పంపాల్సిన పనేముంది? ఈ సంగతి అందరికంటే బాగా అర్థమైంది యోనాకే. అందుకే కోపం వచ్చింది. దేవుడు జాలిపడతాడని తెలిసే తాను మొదట పారిపోయానని దెప్పిపొడిచాడు కూడా. పరాయివాళ్లు గబుక్కున మారితే, భక్తుడు ఊరి బయట అలిగి కూర్చున్నాడు. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునేవాళ్లకు ఈ ఘట్టం కొంచెం గుచ్చుకోవాలి.

నీనెవె మారిన మనసు శాశ్వతం కాలేదు. నహూము ప్రవక్త గ్రంథమంతా ఆ పట్నం పతనం గురించే. క్రీ.పూ. 612లో బాబిలోనియన్లు, మాదీయులు దాన్ని కూల్చేశారు. ఒక్కసారి పశ్చాత్తాపపడితే చాలదన్నమాట. ఏడాదికోసారి తిరిగొచ్చే లెంట్‌కు ఇంతకంటే మంచి కారణం వెతకనక్కర్లేదు.

సిరియాక్ సంప్రదాయపు చర్చీలు లెంట్‌కు దాదాపు మూడు వారాల ముందే నీనెవె పేరుతో మూడు రోజుల ఉపవాసం చేస్తాయి. కేరళలో దాన్ని మూన్ను నోంబు అంటారు. కురవిలంగాడు చర్చిలో ఆ రోజుల్లో యోనా ఎక్కిన ఓడ నమూనాను భుజాలకెత్తుకుని, తుఫానులో ఊగినట్టు ఊపుతూ ఊరేగిస్తారు.

తెలుగు నాట ఈ లెంట్ రోజులను కతోలికులు తపస్సుకాలమనీ, సీఎస్ఐ, లూథరన్ సంఘాలవాళ్లు లెంట్ అనీ, శ్రమకాలమనీ అంటారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు వరకు 46 రోజులు. ఆదివారాలు ఆరు తీసేస్తే నలభై. నుదుట పెట్టే బూడిద సాధారణంగా నిరుటి మట్టల ఆదివారం నాటి మట్టలను కాల్చి చేసినదే. భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే రోజుల్లో 18 నుంచి 59 ఏళ్ల కతోలికులు ఒక్కపూటే కడుపునిండా తినాలి, మాంసం ముట్టకూడదు. శుక్రవారాల్లో సిలువ మార్గం ప్రార్థన సరేసరి.

ఇవన్నీ పాటించీ దారి తప్పొచ్చు. ఉపవాసముంటూనే పనివాళ్లను పీడించేవాళ్లను యెషయా గ్రంథం 58వ అధ్యాయం నిలదీస్తుంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, దిక్కులేనివాడిని ఇంటికి చేర్చుకోవడం, ఇవే దేవుడికి నచ్చే ఉపవాసమంటుంది. నలభై రోజులు మాంసం మానేసిన ఇంట్లో మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు. దాన్ని ఈస్టర్ బిర్యానీకి దాచుకోవచ్చు, వీధి చివర పొయ్యి వెలగని ఇంటికి ఇవ్వొచ్చు. పంట అప్పుకు వడ్డీ మీద వడ్డీ కట్టించుకునే విశ్వాసి అయితే, నీనెవె రాజాజ్ఞ ప్రకారం ముందు ఆ అప్పు నోటు చింపాలి; కూర సంగతి తర్వాత చూసుకోవచ్చు.