నిలబెడితే తుప్పు... నడిపితే జీపు!

పెరట్లో రేకుల పాక. అందులో ఓ మూల పాత జీపు. బానెట్ మీద గోనెసంచుల దొంతర, సీటు మీద పిల్లి, కింద గడ్డిలో గుడ్లు పొదుగుతున్న కోడి. టైర్లలో గాలి ఎప్పుడో పోయింది. బానెట్ ఎత్తి చూస్తే ఎలుకల గూడు. ‘ఎన్నాళ్లని చోటు దండగ? పాత ఇనప సామాన్ల వాడికి వేసేస్తే కిలోల లెక్కన ఎంతోకొంత వస్తుంది’ అంటారు ఇంట్లోవాళ్లు. ఒక్కరికి మాత్రం మనసొప్పదు. నాన్న పొలానికి వెళ్లింది అందులోనే. అక్క పెళ్లికి సామాను మోసిందీ అదే. ‘ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అంటారాయన. అదిగో... ఆ ఒక్క మాటతో మొదలవుతుంది కథ. అది ఆరు నెలల్లో ముగియొచ్చు. ఆరేళ్లు పట్టొచ్చు. సగంలో ఆగిపోనూవచ్చు!

పాత వాహనాలకు ప్రాణం పోయడం అమెరికాలో పెద్ద సరదా. అక్కడ తాతలనాటి పికప్ ట్రక్కును తెచ్చి, నట్టు నట్టూ విప్పి, మళ్లీ కొత్తదానిలా నిలబెడతారు. మన దగ్గర ఆ స్థానం జీపుది. తహసీల్దారు వచ్చినా, పోలీసులొచ్చినా, ఎన్నికల ప్రచారం సాగినా జీపే. వెనక తొట్టి కట్టించి పాలక్యాన్లు, కూరగాయల బుట్టలు మోయించిన వాళ్లూ ఉన్నారు. అంటే మన పల్లెలకు అదే కారు, అదే పికప్పు.

మజగావ్ మీదుగా మన ఊరికి

జీపు పుట్టింది యుద్ధం కోసం. 1940లో బాంటమ్ అనే చిన్న అమెరికన్ కంపెనీ తొలి నమూనా తయారుచేస్తే, విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండో ప్రపంచయుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. 1945లో విల్లీస్ దాన్నే రైతులకూ అమ్మడం మొదలుపెట్టింది. సీజే అన్న పేరుకు అర్థం ‘సివిలియన్ జీప్’... అంటే సైన్యానిది కాదు, జనం జీపు అని.

మన దేశంలో ఆ కథ మహీంద్రా సోదరులది. 1945లో వాళ్లు మాలిక్ గులాం మహమ్మద్‌తో కలిసి ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ కంపెనీ పెట్టారు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్థాన్ వెళ్లిపోయి, ఆ దేశపు తొలి ఆర్థికమంత్రీ, తర్వాత గవర్నర్ జనరలూ అయ్యారు. ఇక్కడ కంపెనీ పేరు 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. విడిభాగాలను ఓడల్లో తెప్పించుకుని బొంబాయిలోని మజగావ్‌లో బిగించడంతో మన జీపు ప్రయాణం మొదలైంది.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించిన ఎత్తు బానెట్ జీపు సీజే-3బీ. ఆ ఎత్తు అందం కోసం కాదు. 1953లో విల్లీస్ దానికి కొత్త ఇంజిన్ పెట్టింది. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్‌లో, పొగ బయటికి పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉండే ఇంజిన్ అది. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది, బానెట్ ఎత్తక తప్పలేదు. అమెరికాలో ఆ మోడల్ 1968లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ రూపం ఆ తర్వాతా చాలాకాలం రోడ్ల మీద తిరిగింది. అందుకే దాన్ని బాగు చేయాలనుకునేవారికి నేటికీ కొంత ధీమా... వెతికితే భాగాలు దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్, చెన్నైలోని పుదుపేట, హర్యానాలోని మండి డబ్వాలీ లాంటి చోట్ల పాత ఇనుములోంచి కావలసిన ముక్కను ఏరి తెచ్చుకోవడమూ ఈ సరదాలో భాగమే.

విప్పడం ఒక పూట... బిగించడం ఒక ఏడు

కొత్తగా ఈ సరదాలోకి దిగినవాళ్లు చేసే మొదటి తప్పు- ఆత్రంగా అన్నీ విప్పేయడం. వారం తిరిగేసరికి పాక నిండా ఇనుప ముక్కలు. ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు. పాత జీపులు సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అనుభవజ్ఞులు అలా చేయరు. విప్పే ముందు ఫొటో తీస్తారు. ప్రతి భాగం బోల్టుల్నీ విడిగా డబ్బాలో వేసి చీటీ అంటిస్తారు. ఒక పని పూర్తయ్యాకే రెండోది మొదలుపెడతారు.

ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌ను వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాల్లోంచి కాస్త కిరోసిన్, ఆయిల్ పోసి కొన్ని రోజులు వదిలేస్తారు. తర్వాత హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పుతారు. కదిలిందా... అదృష్టమే. కదలకపోతే హెడ్ విప్పాలి, లేత్ వర్క్‌షాపుకు పంపి బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాలి.

తుప్పు పట్టిన చిన్న భాగాలకు చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్ మంచి మందు. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, డ్రమ్ములో ఒకటి నుంచి మూడు వారాలు నానబెడితే తుప్పు వదిలి అసలు ఇనుము బయటపడుతుంది. వాసన భరించాలంతే! అల్యూమినియం భాగాలను మాత్రం అందులో వేయకూడదు, తినేస్తుంది. బయటికి తీశాక కడిగి, ఆరబెట్టి వెంటనే ప్రైమర్ కొట్టాలి. లేదంటే మర్నాటికే మళ్లీ ఎర్రబడుతుంది.

పరిగెత్తడం కాదు... ఆగడం ముఖ్యం

రంగు వేస్తే అందరూ మెచ్చుకుంటారు. బ్రేకులు బాగుచేస్తే ఎవరికీ కనిపించదు. కానీ అసలు ఖర్చు పెట్టాల్సింది అక్కడే. పాత జీపులో మాస్టర్ సిలిండర్ ఒక్కటే, అది కూడా డ్రైవరు కాళ్ల కింద, బురదా నీళ్లూ తగిలేచోట ఉంటుంది. అక్కడి నుంచి నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఎక్కడో ఒకచోట రబ్బరు గొట్టం చిట్లిందంటే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందుకే పాత గొట్టాలూ, వీల్ సిలిండర్ల రబ్బర్లూ చూడటానికి బాగున్నా సరే... మార్చేయాల్సిందే. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి పాతది తీసేసి కొత్తది పోయాలి.

ఇంకో సంగతి... ఈ జీపుల్లో పెట్రోలు ట్యాంకు ఉండేది సరిగ్గా డ్రైవరు సీటు కింద! లోపల తుప్పు పట్టిన ట్యాంకు కార్బురేటర్‌ను మూసేయడమే కాదు, కారితే ప్రాణాల మీదికి తెస్తుంది. ఖాళీగా ఉంది కదా అని దానికి వెల్డింగ్ పెట్టించడం మరీ ప్రమాదం. నిండు ట్యాంకు కంటే ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే సులువుగా పేలుతుంది.

ఇవన్నీ అయ్యాక నడపడం నేర్చుకోవాలి. అవును, కారు నడపడం వచ్చినవాళ్లూ మళ్లీ నేర్చుకోవాల్సిందే. ఆ మూడు గేర్ల పెట్టెలో ఫస్ట్ గేరు బండి ఆగితేగానీ సాఫీగా పడదు. స్టీరింగ్‌కు కాస్త ఆట ఉంటుంది. వేసవి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఉంటుంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే అదే దారికొస్తుంది.

పెట్రోలు మారింది... చట్టమూ మారింది

ఈ ఇంజిన్లు పుట్టిన రోజుల్లో పెట్రోలులో సీసం ఉండేది. వాల్వులు అరిగిపోకుండా కాపాడేది అదే. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వస్తోంది. కాబట్టి హెడ్ విప్పినప్పుడే గట్టి లోహపు వాల్వ్ సీట్లు వేయించుకోవడం మంచిది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసింది. అది నీటిని లాక్కుంటుంది, పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. నిలబెట్టిన జీపు ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు ఉంచకూడదనేది అందుకే. పంపులోని పొర, గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించుకోవాలి.

మరి కాగితాల మాటేమిటి? సొంత వాహనానికి 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూసి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. 15 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10,000కు పెరిగింది.

దీనికి తోడు 2021 జులైలో కేంద్రం ‘వింటేజ్’ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా, పెద్ద మార్పులు జరగకుండా ఉన్నవాటికి రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, మళ్లీ చేయించుకోవాలంటే రూ.5,000. అయితే ఒక షరతు ఉంది. ఆ బండిని ర్యాలీలకూ, ప్రదర్శనలకూ, మరమ్మతుకూ, పెట్రోలు పోయించుకోవడానికీ తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. గౌరవం కావాలా, రోజూ తిరగడం కావాలా... యజమానే తేల్చుకోవాలి.

మన జీపులకు ఇక్కడ మరో చిక్కు ఉంది. పెట్రోలు ఖర్చు భరించలేక అప్పట్లో చాలామంది దాని ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ బిగించుకున్నారు. ఇంజిన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం అనుమతి తీసుకుని, ఆర్సీలో రాయించాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కాబట్టి పాత జీపు కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది రంగు కాదు, ఆర్సీని.

కొనబోతున్నారా... కాస్త ఆగండి

* చాసిస్ మీద నంబరు, ఇంజిన్ మీద నంబరు ఆర్సీతో సరిపోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా వద్దు.

* జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. బాడీ మీద అది అంటుకోని చోట కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ.

* గ్రిల్ చూడండి. యుద్ధకాలపు జీపుల్లో ఎక్కువ వాటికి నిలువు సందులు 9, సివిలియన్ జీపులకు 7. పాత మిలిటరీ జీపు అని చెప్పేవాళ్లను లెక్కపెట్టి చూపించమనండి!

* కింద పడుకుని చాసిస్ చూడండి. కమాను పట్టీలు బిగించే చోట తుప్పు తినేసి ఉంటే మిగతాదంతా బాగున్నా బేరం వదిలేయడమే మేలు.

* అనుకున్న ఖర్చు పక్కన అంతే డబ్బు ఉంచుకోండి. విప్పితేగానీ కనిపించని జబ్బులు చాలా ఉంటాయి.

వారానికోసారి వ్యాయామం

బండి బాగైపోయింది. రంగు మెరుస్తోంది. ఇక గుడ్డ కప్పి దాచుకుందామంటే మళ్లీ మొదటికే! ఆగి ఉన్న బండిలోనే తేమ చేరుతుంది. బ్రేకులు పట్టేస్తాయి. ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నిలబెట్టి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడమూ మంచిది కాదు, ఇంజిన్ పూర్తిగా వేడెక్కక లోపల నీటి ఆవిరి మిగిలిపోతుంది. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న బండినైతే వారానికోసారి పది, పదిహేను కిలోమీటర్లు తిప్పాలి. గ్రీజు నిపుల్స్‌కు గ్రీజు కొట్టాలి. పాయింట్ల మధ్య 20 థౌ, ప్లగ్గుల్లో 30 థౌ ఖాళీ ఉందో లేదో కొలిచి చూసుకోవాలి.

ఆ కొలతలు చెవితో విని చెప్పగల మెకానిక్‌లు ఒకప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. ఇప్పుడు కార్లకు కంప్యూటర్ తగిలించి తప్పేమిటో చదువుతున్నారు. షెడ్డులో కార్బురేటర్ విప్పేవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు. వాళ్ల పక్కన స్పానర్ అందించే కుర్రాళ్లు తగ్గుతున్నారు. ఇనుము దొరికితే భాగం తయారుచేయించుకోవచ్చు. ఆ చేతివాటం పోతే ఎక్కడ తెచ్చుకుంటాం? అందుకే పాత జీపు బాగు చేయించేవాళ్లు దాన్ని షెడ్డులో వదిలేసి వచ్చేయకూడదు. పక్కనే నిలబడి నేర్చుకోవాలి. ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్లనూ తీసుకెళ్లాలి.

అప్పుడు మరో ముప్పై ఏళ్లకు ఆ జీపు ఎక్కడైనా ఆగిపోయినా... పంపు మీద తడిగుడ్డ వేసే చేయి ఒకటి ఆ ఇంట్లో ఉంటుంది.