రంగస్థలం మీది గొంతు, తెర మీది బొమ్మ

పద్యనాటకాలు చూచి పెరిగిన మనవారికి ‘వన్స్ మోర్’ అనే కేక కొత్త కాదు. మా ఫలక్‌నుమా వైపు ముషాయిరాలలో అదే మాటను ‘ముకర్రర్’ అంటారు. రెండింటి భావమూ ఒక్కటే: కథ ఎక్కడికీ పారిపోదు, ఆ గొంతును మరొక్కసారి విననివ్వండి! సినీమాహాలులో ఎంత కేకవేసినా బొమ్మ ఆగదు. రంగస్థల కవిత్వం తెరకెక్కేటప్పుడు వచ్చే చిక్కంతా యిక్కడే వున్నది.

ఎన్తొజాకే షాంగే (1948-2018) అమెరికాలోని నల్లజాతి కవయిత్రి. ఏడుగురు స్త్రీలు ఆమె కవితలను చెబుతూ, పాడుతూ, ఆడుతూ ప్రదర్శించే నాటకం 1976లో న్యూయార్కులోని బ్రాడ్వేకు చేరింది. ఆ ఏడుగురికీ పేర్లు లేవు. ఎరుపు దుస్తుల స్త్రీ, నీలి దుస్తుల స్త్రీ, అంతే. ఇల్లు లేదు, వాకిలి లేదు. ఒకరి కష్టం మరొకరి నోట పలుకుతుంది.

2010లో టైలర్ పెరీ దానిని చలనచిత్రంగా తీశారు. కెమేరాకు చూపడానికి ఏదో ఒకటి వుండాలి కదా! స్త్రీలకు పేర్లు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, హార్లెంలో వాటాల మేడ వచ్చింది, మగవారూ వచ్చారు.

యుద్ధం నుంచి వచ్చి మతి చెదరినవాడు కన్నబిడ్డలను అయిదవ అంతస్తు కిటికీలోంచి వదిలివేసే ఘట్టం అందులో వున్నది. రంగస్థలం మీద దానిని ఒక్క స్త్రీ నిలబడి చెబుతుంది. ఆ తల్లిని ‘ఆమె’ అంటూ వచ్చి, చివరకు ‘నేను’ అంటుంది. గుండె జల్లుమనేది ఆ మాట దగ్గరే. సినీమాలో ఆ తల్లి మొదటినుంచీ ఎదుటే వుంటుంది. యిక ‘ఆమె’ ‘నేను’గా మారేదెక్కడ?

మన సంగతి చూడండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఎందరిని కంటతడి పెట్టించిందో! చంద్రమతి పద్యాలు వ్రాసినది పురుషుడు. మన రంగస్థలం మీద స్త్రీ పాత్రలు ధరించినవారూ చాలాకాలం పురుషులే. స్త్రీ పాత్రలతోనే పేరు గడించిన స్థానం నరసింహారావు గారు 1956లో పద్మశ్రీ అందుకొన్నారు. 1935 నాటి ‘హరిశ్చంద్ర’ చిత్రంలో చంద్రమతి పసుపులేటి కన్నాంబ. నాటకాల నుంచి వచ్చిన నటి. అక్కడ తెర మేలే చేసింది. చంద్రమతికి స్త్రీ గొంతునిచ్చి ఊరూరా వినిపించింది. అయితే మాట ఆమెది కాదు. షాంగే నాటకంలో గొంతూ మాటా రెండూ స్త్రీలవే. అందుకే ఆ మాటను తెరకెక్కించేవారికి బాధ్యత ఎక్కువ.

మా తరగతిలో యీ ముచ్చట వచ్చినప్పుడు ఒక అమ్మాయి లేచి, “మా అమ్మ కథ సినీమాగా తీస్తే అందులో మా నాన్నే ఎక్కువ కనబడతాడు సార్” అన్నది. పిల్లలంతా నవ్వారు. మరుక్షణం గది నిశ్శబ్దమైపోయింది.

ఆ అమ్మాయే రేపు కవిత్వం వ్రాయవచ్చు. దానిని తెరకెక్కించే దర్శకులకు నా మనవి ఒక్కటే: మేడలు కట్టండి, పాత్రలు పెంచండి, తప్పులేదు. ఒక్కచోట మాత్రం కెమేరాను కదలకుండా నిలిపి, ఆమెను చివరిదాకా చెప్పనివ్వండి.