బూజు దులపడానికీ లైసెన్సా? టెక్సస్‌లో అవును!

మనింట్లో పండగ ముందు పొడుగు కర్రకి చీపురు కట్టి దులిపే బూజు కాదండీ ఇది. గోడకి చెమ్మ తగిలి నల్లగానో, పచ్చగానో పాకే ఫంగస్. అమెరికా వాళ్లు మోల్డ్ అంటారు. టెక్సస్‌లో ఇది ఒకేచోట 25 చదరపు అడుగులకి తగ్గకుండా పరుచుకుందనుకోండి (ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, అంతే), డబ్బు తీసుకుని దాన్ని తీసేవాడి దగ్గర రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్ ఉండాలి.

డాలస్‌లో, హ్యూస్టన్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఎమ్మెస్‌కి వెళ్లి నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకున్నవాళ్లు, లోన్ పెట్టి ఇల్లు కొన్నవాళ్లు. ఏసీ నీళ్లు కారో, వాషింగ్ మెషీన్ పైపు ఊడో కార్పెట్ తడిసేదాకా ఈ సంగతి ఎవరికీ పట్టదు. తీరా తడిశాక గూగుల్ చేస్తే ‘సర్టిఫైడ్’ అని రాసుకున్న కంపెనీలు బోలెడు కనిపిస్తాయి. ఎవరు సర్టిఫై చేశారు? దేనికి? అసలు విషయం అక్కడుంది.

ముందు గోడ సంగతి. అక్కడి ఇళ్లు ఎక్కువగా ఇటుక, సిమెంటు గోడలవి కావు. చెక్క ఫ్రేము, దాని మీద డ్రైవాల్. అంటే జిప్సమ్ పలకకి రెండువైపులా అతికించిన కాగితం. ఫంగస్‌కి ఆ కాగితమే భోజనం, కావాల్సిందల్లా కాస్త తడి. తడిసింది 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలైనట్టే లెక్క. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మమ్మ ఎందుకు కేకలేసేదో గుర్తుందా? అదే సైన్సు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్‌ని ముంచినప్పుడు యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో 200 మంది భారతీయ విద్యార్థులు నీళ్లలో చిక్కుకున్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ట్వీట్ చేశారు. వరద తగ్గాక ఆ ఊరి వీధుల్లో ఇళ్ల ముందు గుట్టలుగా కనిపించింది ఈ డ్రైవాలే. తడిసిన గోడని కోసి బయటపడేయడం తప్ప వేరే దారి లేదు మరి.

ఒక ఇల్లు, 3.2 కోట్ల డాలర్లు

ఈ లైసెన్స్ గోల హార్వీ కంటే పాతది. ఆస్టిన్ పక్కన డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో మెలిండా బల్లార్డ్ అనే ఆవిడకి 22 గదుల బంగ్లా ఉండేది. పైపులు లీకై బంగ్లా అంతా ఫంగస్ పట్టింది. తన క్లెయిమ్‌ని ఇన్సూరెన్స్ కంపెనీ సరిగ్గా పట్టించుకోలేదని ఆవిడ కోర్టుకెళ్లింది. 2001 జూన్‌లో జ్యూరీ 3.2 కోట్ల డాలర్లు ఇమ్మంది. మరుసటి ఏడాది పైకోర్టు దాన్ని 40 లక్షలకి తగ్గించింది. కానీ అప్పటికే టీవీల నిండా ‘టాక్సిక్ మోల్డ్’, ‘బ్లాక్ మోల్డ్’. ఫంగస్ వల్లే జబ్బు చేసిందన్న వాదనకి తగిన శాస్త్రీయ ఆధారం లేదని జడ్జి దాన్ని జ్యూరీ ముందుకే రానివ్వలేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆ భయం మీద రాత్రికి రాత్రి ‘ఎక్స్‌పర్టులు’ పుట్టుకొచ్చారు. టెస్టు చేసేది వాళ్లే, ‘అమ్మో’ అనేది వాళ్లే, బాగు చేసి బిల్లేసేది కూడా వాళ్లే.

2003లో టెక్సస్ చట్టం చేసింది. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది: ఒక ఇంట్లో ఫంగస్‌ని పరీక్షించినవాడు అదే ఇంట్లో శుభ్రం చేసే పని చేయకూడదు. పరీక్షించేవాడికి ఒక లైసెన్స్, శుభ్రం చేసేవాడికి ఇంకో లైసెన్స్. రెండూ ఒకరికే ఉండొచ్చు కానీ ఒకే ప్రాజెక్టులో రెండూ వాడకూడదు. 2016లో అమల్లోకి వచ్చిన న్యూయార్క్ చట్టం కూడా ఇదే గీత గీసింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఫంగస్‌కి అంకె లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఇంతకంటే ఎక్కువుంటే ప్రమాదం అని చెప్పొచ్చు. ఇంటి గాలిలో ఫంగస్ స్పోర్లు ఎన్ని ఉండొచ్చో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరిమితి పెట్టలేదు. స్పోర్లు ఎక్కడైనా ఉంటాయి, ఇప్పుడు మీరు పీలుస్తున్న గాలిలో కూడా. ఒకరికి ఏమీ కాదు, పక్కనున్న ఆస్తమా మనిషికి ఆయాసం మొదలవుతుంది. కాబట్టి ‘ఇల్లు శుభ్రమైంది’ అని మీటర్ చూసి చెప్పే వీల్లేదు. ఒక మనిషి కళ్లతో చూసి, వాసన పట్టి, గోడలో తేమ కొలిచి, ఇంటి గాలిని బయటి గాలితో పోల్చి చెప్పాలి. ట్రైనింగ్ అంటే ఆ మనిషి అంచనాకి పదును పెట్టడమే. ఆ అంచనా మీద తన బిల్లు ఆధారపడకుండా చూడటానికే రెండు లైసెన్సులు.

క్లాసులో ఏం చెప్తారు?

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు ఐఐసీఆర్‌సీ. ఇది ప్రభుత్వ సంస్థ కాదు. 1972లో కార్పెట్లు, సోఫాలు శుభ్రం చేసేవాళ్ల కోసం మొదలై, తర్వాత నీటి నష్టం, ఫంగస్ దాకా విస్తరించింది. వీళ్ల ఎస్520 అనే ప్రమాణ గ్రంథం 2003లో వచ్చింది. ఫంగస్ టెక్నీషియన్ సర్టిఫికెట్ కావాలంటే ముందు నీటి నష్టం కోర్సు పాసవ్వాలి. ఆ వరస చూస్తేనే సగం అర్థమవుతుంది. జబ్బు తడి, ఫంగస్ దాని లక్షణం.

క్లాసులో మొదట వదిలించే భ్రమ ‘మందు కొడితే చచ్చిపోతుంది’ అన్నది. చచ్చిన ఫంగస్ కూడా అలర్జీ తెప్పిస్తుంది. అందుకే చంపడం కాదు, తీసేయడమే పని. ఎస్520 ఇంటిని మూడు స్థితులుగా చూస్తుంది: మామూలు ఇల్లు, వేరేచోటి నుంచి స్పోర్లు వచ్చి వాలిన ఇల్లు, ఫంగస్ నిజంగా పెరుగుతున్న ఇల్లు. రెండోది, మూడోది మొదటి స్థితికి రావాలి. దానికోసం ఆ గదిని మందపాటి పాలిథీన్ షీట్లతో కట్టేసి, హెపా ఫిల్టర్ ఉన్న మెషీన్‌తో లోపలి గాలిని బయటికి లాగుతూ ఉంటారు. అప్పుడు షీటు సందుల్లోంచి గాలి లోపలికి వస్తుందే కానీ ఆ గది గాలి మిగతా ఇంట్లోకి పోదు. మనమైతే అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూడొచ్చు. ఈ కట్టడి లేకుండా గోడ మీద సుత్తి వేశారంటే, ఒక గదిలో ఉన్నదాన్ని ఇల్లంతా చల్లినట్టే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ ప్రైవేటు సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే టెక్సస్‌లో చాలదు. అక్కడ కాంట్రాక్టర్ లైసెన్స్‌కి 40 గంటల కోర్సు, రాష్ట్ర పరీక్ష, చదువూ అనుభవం, పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ కావాలి. అమెరికా అంతటికీ ఒకే లైసెన్స్ కూడా లేదు. ఈపీఏ ఎవరినీ సర్టిఫై చేయదు. కాబట్టి ‘ఈపీఏ సర్టిఫైడ్ మోల్డ్ ఎక్స్‌పర్ట్’ అని బోర్డు పెట్టినవాణ్ని అక్కడికక్కడే పంపించేయొచ్చు.

మరి గోడ కోసి, చెత్త మోసి, ఆ దుమ్ము మధ్య నిలబడే వర్కర్‌కి? నాలుగు గంటల ట్రైనింగ్. కాంట్రాక్టర్‌కి 40, కూలీకి 4. మాస్కు ముఖానికి బిగుతుగా కూర్చుందో లేదో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో మీరే చెప్పండి.

పని అయ్యాక పరీక్షించే మనిషి మళ్లీ వచ్చి చూస్తాడు. బాగుందని తేలితే ఇంటి యజమానికి ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫంగస్ పోయిందన్న మాటతో పాటు అది రావడానికి కారణమైన తడిని కూడా సరిచేశారా లేదా అన్నది అందులో ఉంటుంది. ఆ కాగితం ఉంటే, గతంలో ఫంగస్ వచ్చిందన్న కారణంతో ఇన్సూరెన్స్ కంపెనీ ఆ ఇంటికి పాలసీ నిరాకరించకూడదు. టెక్సస్‌లో ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఇలాంటి సర్టిఫికెట్ ఏదైనా ఉందా అని అమ్మేవాళ్లని అడగండి.

మన దగ్గర ఇలాంటి లైసెన్స్ చట్టం లేదు. కానీ జిప్సమ్ ఫాల్స్ సీలింగులు హైదరాబాద్ ఫ్లాట్లలో ఎప్పుడో వచ్చేశాయి. పైన బాత్రూమ్ లీకై సీలింగ్ మీద మరక కనిపిస్తే పెయింటర్‌ని పిలిచి రంగు వేయించడం మనకి అలవాటు. ముందు ప్లంబర్‌ని పిలవండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఒక్క నిమిషం పని: లైసెన్సులిచ్చే శాఖ పేరు టీడీఎల్‌ఆర్. దాని వెబ్‌సైట్‌లో కాంట్రాక్టర్ పేరు కొడితే లైసెన్స్ ఉందో లేదో తెలిసిపోతుంది. పరీక్షించడానికి వచ్చినాయన ‘క్లీనింగ్ కూడా మేమే చేసేస్తాం, డిస్కౌంట్ ఇస్తాం’ అంటే ఆయన పేరు కూడా అందులోనే వెతకండి.