పాట తెగితే తప్పు ఎవరిది?

కువైట్‌లో ఉగాది వేడుకలు పాఠశాలల సభాంగణాలలో జరగడం కద్దు. వేదికపై బాలిక కీర్తన ఆలపిస్తుండగా ధ్వని టిక్కుటిక్కుమని తెగితే, అందరూ మైకునే నిందిస్తారు. డిజిటల్ వ్యవస్థలలో ఆ దోషం ఒక్కొక్కసారి వేదికకూ మిక్సరుకూ నడుమనున్న చిన్న పెట్టెది, అనగా నెట్‌వర్క్ స్విచ్‌ది.

ఇందులో శబ్దాన్ని సాధారణంగా సెకనుకు 48,000 మార్లు కొలిచి, ఆ అంకెలను పొట్లాలుగా కట్టి పంపుతారు. ఉత్తరం ఆలస్యమైనా చదువుకోవచ్చును. సంగీతానికి ఆ వెసులుబాటు లేదు. ఆస్ట్రేలియాకు చెందిన ఆడినేట్ సంస్థ రూపొందించిన 'డాంటే' పద్ధతిలో గడువు సాధారణంగా ఒక మిల్లీసెకను. అంతలో గాలిలో శబ్దం సాగే దూరం సుమారు 35 సెంటీమీటర్లే!

పరికరాలన్నీ ఒకే గడియారాన్ని అనుసరించాలి. కనుక గిగాబిట్ వేగం ఒక్కటే చూచి కొనరాదు. కాలసూచక పొట్లాలకు అగ్రతాంబూలమిచ్చి, ధ్వనికి తరువాతి స్థానమిచ్చే 'మేనేజ్డ్' స్విచ్ శ్రేష్ఠం. విద్యుత్తు ఆదాకై నడుమ కునుకు తీసే 'గ్రీన్ ఈథర్‌నెట్' సదుపాయాన్ని ఆపివేయాలి. ఆ కునుకే గడియారాన్ని తప్పిస్తుంది. అతిథుల వైఫైని దీనితో కలపకుండుట మేలు.

ఇక ఎండ. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. పెక్కు స్విచ్‌లు 40 లేక 50 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. రసాయనశాస్త్రం ఇక్కడా తల దూర్చుతుంది: ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలోని ద్రవం వేడికి క్రమేణా ఇంకిపోతుంది, ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు వాటి ఆయువు సుమారు సగమవుతుంది. ఫ్యాను ఉన్న స్విచ్ చల్లగా ఉంటుంది గాని, దాని రొద వేదికకు వినబడుతుంది. మధ్యాహ్నమంతా కారులో మాడిన స్విచ్‌ను సాయంత్రం నేరుగా వేదికకెక్కించడం సాహసమే. అనుభవజ్ఞులు అవే అమరికలతో రెండవదానిని సిద్ధపరచి, ఏసీ గదిలో ఉంచుకుంటారు.