తాతగారి వాచీ ఆగకముందే..

ఒక్క నిమిషం ఆలస్యమైతే రైలు వెళ్లిపోతుంది. అందుకే రైల్వే ఊళ్లలో వాచీకి విలువ ఎక్కువ. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలూ స్థిరపడ్డాయి. అలాంటి ఇంటి బీరువాలో తాతగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ ఇంకా ఉండొచ్చు. అది ఎలా పనిచేస్తుంది? ఎందుకు పాడవుతుంది?

కీ ఇచ్చినప్పుడు మెయిన్‌స్ప్రింగ్‌లో శక్తి నిల్వ అవుతుంది. సన్నని హెయిర్‌స్ప్రింగ్‌తో అటూఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఆ శక్తిని సెకనుకు 5 టిక్కుల చొప్పున విడుదల చేయిస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. వాచీ రోజులో ఒక నిమిషం తేడా చూపినా దోషం 0.07 శాతమే!

ఈ కచ్చితత్వానికి శత్రువులు రెండు. మొదటిది అయస్కాంతం. స్పీకరు పక్కన పెడితే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ వేగంగా నడవొచ్చు. డీమాగ్నెటైజర్‌తో ఇది క్షణాల్లో సరిపోతుంది.

రెండోది ఎండిన నూనె. వాచీ బీరువాలోనే ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ నూనె చిక్కబడుతుంది. ఆ స్థితిలో నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. అరిగిన లోహం తిరిగి రాదు. పైగా 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీకి చెందిన వాచీల సంస్థ మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. ఇప్పుడు ఒక పాత వాచీ బతకాలంటే తరచూ మరో పాత వాచీని విప్పాల్సి వస్తుంది.

కాబట్టి ఆగిపోయేదాకా చూడొద్దు. బీరువాలోంచి తీసిన వాచీకి కీ ఇచ్చేముందే శుభ్రం చేయించి, కొత్త నూనె వేయించాలి. ఆపై నాలుగైదేళ్లకోసారి ఇదే పని చేయిస్తే మనవళ్ల చేతికీ అది టైము చెబుతుంది.