తిరిగే చక్రంలో బొమ్మ: తొలి టీవీని ఇంట్లోనే తయారు చేస్తున్న ఔత్సాహికులు

నల్లటి అట్టతో చేసిన చక్రం, దానికి కొన్ని సన్నని రంధ్రాలు, ఒక చిన్న మోటారు, ఒక ఎల్‌ఈడీ, ఒక యాంప్లిఫయర్. వీటితో కదిలే బొమ్మలు చూపించే టీవీ తయారవుతుందంటే నమ్మడం కష్టం. కానీ దాదాపు వందేళ్ల క్రితం టెలివిజన్ మొదలైంది ఇలాంటి సామగ్రితోనే. నేటికీ కొందరు ఔత్సాహికులు ఈ 'మెకానికల్ టీవీ'ని ఇంట్లో తయారు చేసి నడిపిస్తున్నారు.

బొమ్మను ముక్కలు చేయడం ఎలా?

ఒక దృశ్యంలో వేలాది బిందువులు ఒకేసారి వెలుగుతూ కనిపిస్తాయి. ఒక తీగలో మాత్రం ఒక క్షణానికి ఒక్క బిందువు వెలుగునే పంపగలం. అందుకే బొమ్మను బిందువులుగా విడదీసి, ఒకదాని తర్వాత ఒకటిగా, కన్ను పసిగట్టలేనంత వేగంగా పంపాలి.

దీనికి 1884లో జర్మనీకి చెందిన పాల్ నిప్కో ఒక ఉపాయం కనిపెట్టి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. చక్రం మీద రంధ్రాలను సర్పిలాకారంలో, ఒక్కొక్కటీ ముందుదానికన్నా కేంద్రానికి కాస్త దగ్గరగా ఉండేలా చేస్తారు. చక్రం తిరిగినప్పుడు మొదటి రంధ్రం దృశ్యంలో ఒక గీతను, రెండోది దాని పక్క గీతను 'చదువుతాయి'. ఒక చుట్టు పూర్తయ్యేసరికి బొమ్మంతా చదవడం అయిపోతుంది. రంధ్రం గుండా వచ్చిన వెలుగును ఫోటోసెల్ విద్యుత్తుగా మారుస్తుంది. అవతలి వైపు అలాంటి చక్రమే అదే వేగంతో తిరుగుతుంది. దాని వెనుక ఉన్న దీపం, అందిన సంకేతాన్ని బట్టి ఎక్కువగానో తక్కువగానో వెలుగుతుంది. మన కన్ను ఆ గీతలన్నిటినీ కలిపి ఒకే బొమ్మగా చూస్తుంది.

నిప్కో కాలంలో బలహీనమైన సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్లు లేవు. ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది.

టీ పెట్టె, సూదులు, లక్క

దాన్ని ఆచరణలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు స్కాట్లాండ్‌కు చెందిన జాన్ లోగీ బెయిర్డ్. 1923లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో ఆయన ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు చేతిలో డబ్బు లేదు. టీ పెట్టె, టోపీల పెట్టె, దుస్తులు రఫూ చేసే సూదులు, సైకిల్ దీపాల కటకాలు, లక్క వంటివే ఆయన ప్రయోగశాల. 1925 అక్టోబరు 2న లండన్‌లో ఒక బొమ్మ తలను వెలుగునీడలతో సహా తెరపై చూడగలిగాడు. వెంటనే కింది ఆఫీసులో పనిచేసే కుర్రాడు విలియం టేంటన్‌ను పిలిచి, మండిపోతున్న దీపాల ముందు కూర్చోబెట్టాడు. 1926 జనవరి 26న శాస్త్రవేత్తల ముందు బహిరంగంగా ప్రదర్శించాడు.

రేడియోలో ఇమిడిపోయిన బొమ్మ

బెయిర్డ్ పద్ధతిలో బొమ్మకు 30 నిలువు గీతలు. ఒక్కో గీతలో సుమారు 70 బిందువులు, అంటే మొత్తం 2,100. సెకనుకు 12.5 బొమ్మలు కాబట్టి చక్రం నిమిషానికి 750 చుట్లు తిరగాలి. ఈ లెక్కన సంకేతానికి సుమారు 13 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. అది మన చెవికి వినిపించే శబ్దాల పరిధిలోనే ఉంటుంది!

అందుకే 1929 నుంచి 1935 వరకు బీబీసీ మీడియం వేవ్ రేడియో కేంద్రాల నుంచే ఈ బొమ్మలను ప్రసారం చేయగలిగింది. ఎందరో ఔత్సాహికులు చక్రం, నియాన్ దీపం బిగించి ఇంట్లోనే సెట్లు చేసుకున్నారు. ఈ కారణంగానే నేటి ఔత్సాహికులు టీవీ సంకేతాన్ని మామూలు ఆడియో ఫైలుగా దాచుకుంటారు. స్పీకరుకు కలిపితే అది గరగరమనే రొదలా వినిపిస్తుంది.

అసలు చిక్కులు

మొదటి చిక్కు వేగం. రెండు చక్రాల వేగంలో నూటికి ఒక్క వంతు తేడా వచ్చినా బొమ్మ సెకనుకు దాదాపు నాలుగుసార్లు పైకో కిందికో జారిపోతుంది. బెయిర్డ్ దీనికి విద్యుదయస్కాంతాల మధ్య తిరిగే పళ్ల చక్రాన్ని వాడాడు. ఇప్పుడు చక్రం వేగాన్ని కాంతి సెన్సర్‌తో కొలిచి, మైక్రోకంట్రోలర్‌తో మోటారును అదుపు చేస్తున్నారు.

రెండోది వెలుగు. అర మీటరు చక్రంలో కనిపించే బొమ్మ పొడవు సుమారు 5 సెంటీమీటర్లే. అదే చక్రంపై గీతలను 30 నుంచి 60కి పెంచితే బొమ్మ పొడవు, వెడల్పు సగమవుతాయి. రంధ్రం వ్యాసం నాలుగో వంతుకు, దానిలోంచి వచ్చే వెలుగు పదహారో వంతుకు పడిపోతాయి. మెకానికల్ టీవీని దెబ్బతీసిన వాటిలో ఈ లెక్క ముఖ్యమైనది. 1936 నవంబరులో బీబీసీ బెయిర్డ్ కంపెనీ 240 గీతల పద్ధతినీ, మార్కొని-ఈఎంఐ 405 గీతల ఎలక్ట్రానిక్ పద్ధతినీ వారం విడిచి వారం పరీక్షించింది. 1937 ఆరంభంలో బెయిర్డ్ పద్ధతిని పక్కన పెట్టేసింది.

ఔత్సాహికులు కాపాడిన చరిత్ర

బెయిర్డ్ 1927-28లో తన సంకేతాలను గ్రామఫోన్ రికార్డులపై ముద్రించాడు కానీ, వాటి నుంచి సరైన బొమ్మను తిరిగి రాబట్టలేకపోయాడు. దశాబ్దాల తర్వాత బ్రిటిష్ ఇంజనీరు డొనాల్డ్ మెక్‌లీన్ కంప్యూటర్ సాయంతో ఆ బొమ్మలను వెలికితీశాడు. 1933 ఏప్రిల్‌లో ఒక ఔత్సాహికుడు ఇంట్లోనే అల్యూమినియం రికార్డుపై ముద్రించుకున్న బీబీసీ కార్యక్రమం కూడా అలాగే బయటపడింది. టీవీ ప్రసారాల రికార్డింగుల్లో తెలిసినంతలో అదే అతి పాతది.

1975లో బ్రిటన్‌లో ఇలాంటి ఔత్సాహికుల కోసం ఒక సంఘం ఏర్పడింది. సభ్యులు ఎక్కువగా 32 గీతల ప్రమాణాన్ని వాడతారు. నియాన్ దీపానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ స్థానంలో ఇప్పుడు ఎల్‌ఈడీ రావడంతో ప్రయోగం సులువూ, సురక్షితమూ అయింది.

చక్రం పోయినా దాని సూత్రం పోలేదు. గిర్రున తిరిగే ఫ్యాన్‌ను ఫోన్ కెమెరాతో తీస్తే రెక్కలు వంకరగా కనిపిస్తాయి. ఫోన్‌లోని సెన్సర్ కూడా దృశ్యాన్ని ఒక్కసారిగా కాక, వరుస తర్వాత వరుసగా చదవడమే దానికి కారణం.